కాపాడటానికి వెళ్లిన సైన్యం పణంగా పెట్టేది ఎవరి ప్రాణాలు?

1994 ఏప్రిల్ 11. రువాండా రాజధాని కిగాలీలో ఒక సాంకేతిక పాఠశాల. అప్పటికి నాలుగు రోజులుగా ఊరంతా వేట సాగుతోంది. మైనారిటీ టుట్సీ జాతి మనిషని తెలిస్తే చాలు, హుటూ మూకలు నరికేస్తున్నాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాదాపు రెండు వేల మంది ఆ బడిలోకి చేరారు. అక్కడ ఐక్యరాజ్యసమితి జెండా ఉంది. ఆ జెండా కింద తొంభై మంది దాకా బెల్జియం సైనికులున్నారు. గేటు బయట కత్తులు, తుపాకులు పట్టుకున్న మూకలు కాచుకుని ఉన్నాయి. సైనికులు ఉన్నంతసేపూ మాత్రం లోపల అడుగు పెట్టలేదు.

ఆ రోజు ఫ్రెంచ్ సైనికులు వచ్చి బడిలో ఉన్న విదేశీయులను తీసుకెళ్లారు. వాళ్ల వెనకే బెల్జియం సైనికులూ బయల్దేరారు. ఏం జరగబోతోందో జనానికి అర్థమైపోయింది. కొందరు వెళ్లి ట్రక్కులకు అడ్డంగా నేల మీద పడుకున్నారు. సైనికులు గాల్లోకి కాల్పులు జరిపి, దారి చేసుకుని వెళ్లిపోయారు. వాళ్లు అటు వెళ్లగానే మూకలు ఇటు చొరబడ్డాయి. అక్కడ చావగా మిగిలినవాళ్లను న్యాంజా అనే చోటికి నడిపించుకెళ్లి చంపారు.

పరాయి దేశంలో జనాన్ని కాపాడటానికి సైన్యాన్ని పంపడం న్యాయమేనా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ బడే. సైన్యాలు అందుబాటులో లేక జరిగిన ఘోరం కాదిది. ఆ వారంలోనే ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ సైనికులు వందల మంది రువాండా వచ్చారు, తమ దేశాల వాళ్లను విమానాలెక్కించుకుని పోయారు. విమానాలున్నాయి, ఆయుధాలున్నాయి, రిస్క్ తీసుకునే తెగువా ఉంది. ఎవరి కోసం అన్నదగ్గరే తేడా వచ్చింది.

మామూలుగా ఈ చర్చ రెండు మాటల మధ్య ఇరుక్కుపోతుంది. కళ్ల ముందు మనుషుల్ని చంపుతుంటే చూస్తూ ఊరుకుంటారా అని ఒకరంటారు. ఇంకో దేశంలో వేలు పెట్టే హక్కు మీకెవరిచ్చారు అని ఇంకొకరంటారు. రెండింట్లోనూ నిజం ఉంది, అందుకే ఎంత వాదించుకున్నా తెగదు. నేను వేరే చోట నుంచి చూడాలనుకుంటున్నాను. కాపాడతామని బయల్దేరినవాడు, అందులో ఉన్న ప్రాణాపాయాన్ని ఎవరి నెత్తిన పెడుతున్నాడు? ఈ ప్రశ్న పట్టుకుంటే చాలా చిక్కుముళ్లు విడతాయని నా నమ్మకం.

చట్టం ఎందుకు అంత గట్టిగా వద్దంది

1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణం ప్రకారం ఏ దేశమూ ఇంకో దేశం మీద బలప్రయోగం చేయకూడదు. మినహాయింపులు రెండే. తన మీద దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ ఒకటి, భద్రతా మండలి అనుమతి రెండోది. పక్క దేశం తన జనాన్ని తానే చంపుకుంటోంది కాబట్టి మేం వెళ్లాం అనడానికి అందులో చోటు లేదు.

ఇది గుండె లేనివాళ్లు రాసిన నియమం అనిపించవచ్చు. కానీ దాన్ని రాసినవాళ్లు అప్పుడే రెండో ప్రపంచ యుద్ధంలోంచి బయటపడ్డారు. 1938లో చెకోస్లొవేకియాలోని సుడేటన్‌లాండ్‌ను హిట్లర్ కోరినప్పుడు చెప్పిన సాకు, అక్కడి జర్మన్లను చిత్రహింసలు పెడుతున్నారు, వాళ్లను కాపాడాలి అని. బలవంతుడు బలహీనుడి మీదికి వెళ్లేటప్పుడు మేలు చేయడానికే వచ్చాననడం చరిత్రలో అరుదేమీ కాదు. వలస పాలన చవిచూసిన దేశాలు ఇవాళ్టికీ ఈ మాటను అనుమానంగా చూడటానికి కారణం అదే.

ఆ సాకు పాతబడలేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని నడిపిస్తూ రష్యా కూడా ఆ దేశపు తూర్పు ప్రాంతమైన డొన్‌బాస్‌లో నరమేధం జరుగుతోందని, జనాన్ని కాపాడటానికే వెళ్తున్నామని చెప్పింది. ఆ ఆరోపణను బలపరిచే ఆధారం తమ ముందుకు రాలేదని అంతర్జాతీయ న్యాయస్థానం మార్చి 16న చెప్పి, దాడి ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాడి ఆగలేదు. కాబట్టి ఈ తలుపు బార్లా తెరిస్తే ముందు దూరేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

ఉద్దేశం స్వచ్ఛంగా ఉండాలా?

అయితే ఆ తలుపు పూర్తిగా మూసేస్తే 1971ని ఏం చేయాలి?

ఆ ఏడాది మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లో పాకిస్తాన్ సైన్యం మారణకాండ మొదలుపెట్టింది. ఢాకా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విద్యార్థులను కాల్చి చంపారు. నెలలు గడిచేకొద్దీ దాదాపు కోటి మంది సరిహద్దు దాటి భారత్‌కు వచ్చారు. డిసెంబర్ 3న పాకిస్తాన్ భారత వైమానిక స్థావరాల మీద దాడి చేయడంతో పూర్తిస్థాయి యుద్ధం వచ్చింది. 16న ఢాకాలో దాదాపు 93 వేల మంది లొంగిపోయారు.

ఇప్పుడు అందరూ మెచ్చుకునే ఈ జోక్యాన్ని అప్పుడు ప్రపంచం మెచ్చుకోలేదు. కాల్పులు ఆపి, సైన్యాలను వెనక్కి తీసుకోవాలని డిసెంబర్ 7న ఐరాస సర్వప్రతినిధి సభ 104 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకించినవి 11 దేశాలే. తూర్పు బెంగాల్ ప్రజలను కష్టాల నుంచి బయటపడేయడం తప్ప తమకు వేరే ఉద్దేశం లేదని భారత ప్రతినిధి భద్రతా మండలిలో అన్నారు. అయినా అధికారిక వాదన మాత్రం ప్రధానంగా ఆత్మరక్షణ మీదే నిలబడింది. మానవత్వం కోసం వచ్చాం అనే మాటకు చట్టంలో విలువ లేదని అందరికీ తెలుసు.

భారత్‌కు స్వార్థం లేదా అంటే, ఉంది. కోటి మంది శరణార్థుల భారం మోయలేనిది. శత్రుదేశం రెండు ముక్కలు కావడం పెద్ద లాభం. పైగా సైన్యం వెంటనే కదల్లేదు. సన్నాహాలకు, వర్షాలు తగ్గడానికి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకుపోయి చైనా భయం తగ్గడానికి ఎదురుచూసింది. ఆ ఎనిమిది నెలలూ అక్కడ మనుషులు చస్తూనే ఉన్నారు. ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ దాచకూడదు.

ధర్మయుద్ధం గురించి ఆలోచించిన పాశ్చాత్య తత్వవేత్తలు శతాబ్దాలుగా ‘సరైన ఉద్దేశం’ ఉండాలన్న షరతు పెట్టారు. ఆ షరతును అక్షరాలా పట్టుకుంటే 1971 ఫెయిలవుతుంది. 1978 డిసెంబర్‌లో కంబోడియాలోకి వెళ్లి ఖ్మేర్ రూజ్ పాలనను కూల్చిన వియత్నాం కూడా ఫెయిలే, ఎందుకంటే అది ప్రధానంగా తన సరిహద్దు గొడవ కోసం, తన ప్రాబల్యం కోసం వెళ్లింది. పదిహేను లక్షలకు పైగా మనుషులను పొట్టన పెట్టుకున్న పాలన ఆ దాడితోనే పోయింది. అయినా ఐరాసలో కంబోడియా సీటు మరికొన్నేళ్లు ఖ్మేర్ రూజ్ పక్షం చేతిలోనే ఉంచారు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం ఆగదు.

ప్రభుత్వాలకు స్వచ్ఛమైన ఉద్దేశాలు ఉండవు. కాలువలో కొట్టుకుపోతున్నవాడు ఒడ్డున చెయ్యందించినవాడి మనసులో ఏముందని అడగడు. చూడాల్సింది మూడు సంగతులు. చంపడం ఆగిందా? అందుకోసం వెళ్లినవాళ్లు తమ ప్రాణాలూ పణంగా పెట్టారా? పని కాగానే తిరిగి వెళ్లారా? 1971 యుద్ధంలో భారత సైనికులు వేల మంది చనిపోయారు. 1972 మార్చికల్లా భారత సైన్యం బంగ్లాదేశ్ నుంచి వచ్చేసింది. వియత్నాం మాత్రం కంబోడియాలో పదేళ్లు కూర్చుంది. రెండు జోక్యాలూ మారణకాండను ఆపాయి, కానీ మూడో ప్రశ్న దగ్గర విడిపోయాయి.

జెండా ఎగరేసి చేతులెత్తేయడం

రువాండాకు మళ్లీ వస్తాను. అక్కడి ఐరాస దళానికి కమాండర్ కెనడాకు చెందిన రోమియో డల్లేర్. మారణకాండకు మూడు నెలల ముందే, జనవరి 11న, ఆయన న్యూయార్క్‌కు ఒక సందేశం పంపాడు. ఆయుధాలు దాస్తున్నారని, టుట్సీల పేర్లు నమోదు చేయిస్తున్నారని, అది వాళ్లను చంపడానికేనని లోపలి మనిషి ఒకరు చెప్పారని అందులో ఉంది. ఆ ఆయుధాల మీద దాడి చేసి పట్టుకుంటానన్నాడు. వద్దన్నారు.

ఏప్రిల్ 7న ప్రధానమంత్రి అగాథ్ ఉవిలింగియిమానాను చంపేశారు. ఆమెకు కాపలాగా వెళ్లిన పదిమంది బెల్జియం సైనికులనూ పట్టుకుని చంపారు. బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిచింది. అయిదు వేల మంది ఉంటే ఈ చంపడాన్ని ఆపగలనని డల్లేర్ అంటున్నాడు. ఏప్రిల్ 21న భద్రతా మండలి దళాన్ని పెంచడానికి బదులు 270 మందికి తగ్గించాలని తీర్మానించింది. వంద రోజుల్లో చనిపోయినవాళ్లు ఎనిమిది లక్షలని ఐరాస లెక్క, పది లక్షలకు పైనే అని రువాండా ప్రభుత్వం లెక్క.

ఇక్కడ బెల్జియం వైపు నుంచి కూడా ఆలోచించాలి. సైన్యంలో చేరినవాడు తన దేశం కోసం చావడానికి సిద్ధపడి చేరతాడు. తనకు ఏమాత్రం సంబంధం లేని ఊళ్లో, పేరు తెలియనివాళ్ల కోసం అతణ్ని చావమనే హక్కు ప్రభుత్వానికి ఉందా? శవపేటికలో వచ్చిన కొడుకును చూసి ఆ తల్లి అడిగే ప్రశ్నకు ఏం జవాబు చెప్తారు? అంతకు ఆరు నెలల ముందే సోమాలియాలో 18 మంది అమెరికన్ సైనికులు ఒకే పోరులో చనిపోయారు. ఆ దెబ్బకు అమెరికా రువాండా వైపు కన్నెత్తి చూడలేదు. ‘నరమేధం’ అనే మాట పలికితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని, ఆ మాటనే వారాల తరబడి దాటవేసింది.

ఆ తల్లి ప్రశ్న చిన్నది కాదు. దానికి నాకు తోచే జవాబు ఒకటే. వెళ్లకపోవడం ఒక నిర్ణయం. వెళ్లి, జెండా పాతి, మా దగ్గరికి రండి అని పిలిచాక వదిలేయడం వేరే సంగతి. ఆ బడిలో చేరినవాళ్లు జెండాను నమ్మి చేరారు. అది లేకపోతే పొలాలకో అడవులకో పారిపోయేవాళ్లు, కొందరైనా బతికేవాళ్లేమో. రిస్క్ తీసుకోవడానికి సిద్ధంగా లేని రక్షకుడు బాధితులందర్నీ ఒక్కచోట పోగుచేసి హంతకులకు అప్పగించినట్టయింది.

సరిగ్గా ఇదే పాఠం ఏడాది తర్వాత స్రెబ్రెనికాలో రక్తంతో మళ్లీ రాశారు. బోస్నియాలోని ఆ పట్టణాన్ని 1993లో భద్రతా మండలి ‘సురక్షిత ప్రాంతం’ అని ప్రకటించింది. లోపలివాళ్లను ఆయుధాలు అప్పగించమన్నారు. 1995 జులై 11న బోస్నియా సెర్బు సేనలు దాన్ని పట్టుకున్నప్పుడు అక్కడున్నది కొన్ని వందల మంది డచ్ సైనికులు. ఊరు పడిపోగానే వేల మంది వాళ్ల స్థావరం దగ్గరికి పరుగెత్తారు. లోపలికి తీసుకున్నవాళ్లను కూడా రెండు రోజుల తర్వాత బయటికి పంపేశారు. ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లను, కుర్రాళ్లను సెర్బు సేనలు చంపాయి.

2019లో నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు ఆ స్థావరం లోపలి నుంచి బయటికి పంపిన 350 మంది విషయంలో తమ ప్రభుత్వానికి బాధ్యత ఉందని తేల్చింది, అదీ పది శాతమే. లోపలే ఉండనిచ్చి ఉంటే వాళ్లు బతికే అవకాశం ఆ మాత్రమే ఉండేదని లెక్క కట్టింది. న్యాయశాస్త్రంలో ఆ అంకె ఎలా వస్తుందో నాకు అర్థమవుతుంది, మనసుకు మాత్రం మింగుడుపడదు.

పదిహేను వేల అడుగుల ఎత్తు

ఈ రెండు వైఫల్యాల సిగ్గు తర్వాత వచ్చింది కొసావో. అప్పటి యుగోస్లావియాలో సెర్బియా కింద ఉన్న ఆ ప్రాంతంలో ఎక్కువమంది అల్బేనియన్లు, వాళ్ల మీద సెర్బియా బలగాలు విరుచుకుపడుతున్నాయి. 1999 మార్చి 24న అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో యుగోస్లావియా మీద బాంబులు వేయడం మొదలుపెట్టింది. రష్యా, చైనా వీటో తప్పదని తెలిసి భద్రతా మండలి అనుమతే తీసుకోలేదు. 78 రోజుల తర్వాత సెర్బియా సైన్యం కొసావో నుంచి వెళ్లిపోయింది, తరిమివేతకు గురైన లక్షల మంది అల్బేనియన్లు ఇళ్లకు తిరిగొచ్చారు. తర్వాత విచారించిన స్వతంత్ర కమిషన్ ఒకటి ఈ దాడి చట్టవిరుద్ధం, అయినా సమంజసం అని చెప్పింది. ఈ అంశం మీద ఇంతకంటే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చిన తీర్పు ఇంకొకటి లేదు.

నాకు ఆ తీర్పు కంటే ముఖ్యమనిపించేది విమానాలు ఎగిరిన ఎత్తు. పైలట్ల భద్రత కోసం నాటో విమానాలు ఎక్కువగా పదిహేను వేల అడుగుల పైనే ఎగిరాయి. నేల మీదికి సైన్యాన్ని పంపే ఆలోచన లేదని మొదట్లోనే బహిరంగంగా చెప్పేశారు. శత్రువు కాల్పుల్లో నాటో సైనికుడు ఒక్కడూ చనిపోలేదు. కానీ ఇళ్లలోకి చొరబడి జనాన్ని తరిమేస్తున్న పోలీసులను అంత ఎత్తు నుంచి ఆపలేరు. కొసావో నుంచి అల్బేనియన్లను తరిమేయడం బాంబులు పడటం మొదలయ్యాకే ఉద్ధృతమైంది.

ఏప్రిల్ 14న జకోవా పట్టణం దగ్గర రోడ్డు మీద వాహనాల వరుస వెళ్తోంది. పై నుంచి చూసిన పైలట్‌కు అది సైనిక కాన్వాయ్ అనిపించింది. బాంబు వేశాడు. కింద ఉన్నది ట్రాక్టర్లు, వాటి ట్రాలీల్లో ఇళ్లు వదిలి పోతున్న అల్బేనియన్ కుటుంబాలు. 70 మందికి పైగా చనిపోయారు. ఎవరిని కాపాడటానికి యుద్ధం చేస్తున్నారో వాళ్లే. పొరపాటు జరిగిందని నాటో ఒప్పుకుంది.

శత్రువు కాల్పులకు అందనంత ఎత్తులో ఎగరడం దానంతటది చట్టవిరుద్ధం కాదని యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రైబ్యునల్‌లో ప్రాసిక్యూటర్ వేసిన కమిటీ తేల్చింది. నిజమే, చట్టంలో తప్పు లేదు. కానీ నా పైలట్‌కు ఉండే అపాయాన్ని తగ్గించడానికి ట్రాక్టర్ మీది పిల్లాడికి ఉండే అపాయాన్ని పెంచుతున్నప్పుడు, నేను ఎవర్ని కాపాడుతున్నట్టు? సొంత దేశాన్ని కాపాడుకునే యుద్ధంలో నా సైనికుడి ప్రాణానికి ఎక్కువ విలువ ఇచ్చానంటే అర్థం చేసుకోవచ్చు. ‘వాళ్ల కోసమే వచ్చాను’ అన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. అలా అనడంలోనే వాళ్ల ప్రాణం నా సైనికుడి ప్రాణానికి సమానమని ఒప్పుకున్నట్టు.

బెంఘాజీ, ఆ తర్వాత

2005లో ఐరాస శిఖరాగ్ర సమావేశం ‘రక్షించే బాధ్యత’ అనే సూత్రాన్ని ఆమోదించింది. నరమేధం, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవాళిపై నేరాలు, ఈ నాలుగింటి నుంచి ప్రజలను కాపాడటం ముందు ఆయా ప్రభుత్వాల పని. అవి ఆ పనిలో పూర్తిగా విఫలమై, శాంతియుత మార్గాలు చాలకపోతే భద్రతా మండలి ద్వారా ప్రపంచం కదలాలి. సార్వభౌమాధికారం అంటే ఏమైనా చేసుకునే హక్కు కాదు, జనం పట్ల బాధ్యత అన్న ఆలోచన దీని వెనక ఉంది. మంచి ఆలోచన. కాకపోతే తాళం చెవి మళ్లీ వీటో ఉన్న అయిదుగురి చేతికే ఇచ్చారు.

దాని అసలు పరీక్ష లిబియా. 2011 మార్చిలో ఆ దేశ పాలకుడు గడాఫీ సేనలు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న బెంఘాజీ నగరం వైపు వస్తుంటే, పౌరుల రక్షణకు అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని 17న భద్రతా మండలి అనుమతించింది. భారత్, రష్యా, చైనా, జర్మనీ, బ్రెజిల్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. విదేశీ సైన్యం లిబియా నేలను ఆక్రమించకూడదని ఆ తీర్మానంలోనే రాశారు. దాడులు మొదలయ్యాయి, బెంఘాజీ వైపు దూకుడు ఆగింది. అక్కడితో ఆగకుండా, గడాఫీ పడిపోయి అక్టోబర్ 20న చనిపోయేదాకా బాంబులు పడుతూనే ఉన్నాయి. అక్టోబర్ నెలాఖరుకు నాటో ఆపరేషన్ ముగించింది. తర్వాత లిబియా సాయుధ ముఠాల చేతుల్లోకి పోయింది, అక్కడి ఆయుధాలు పక్క దేశాలకు పాకాయి. పౌరులకున్న ముప్పును ఎక్కువ చేసి చూశారని 2016లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ విమర్శించింది. ఆ ఏడాదే ఒబామా, తర్వాతి రోజుల గురించి ప్లాన్ చేసుకోకపోవడం తన పాలనలో అతిపెద్ద తప్పు కావచ్చన్నాడు.

నేలను ఆక్రమించకూడదన్న షరతు మంచిదే, అది లేకపోతే ఇరాక్ అవుతుందన్న భయమూ సహజమే. కానీ ప్రభుత్వాన్ని కూల్చేసి, వీధిలో పోలీసు ఉండేలా చూసే బాధ్యత వద్దనుకుంటే, ఆ తర్వాతి పదేళ్ల అపాయమంతా లిబియా జనం మీదే పడుతుంది. దాని బిల్లు సిరియా కూడా కట్టింది. అనుమతి ఇస్తే ప్రభుత్వాలు మార్చేస్తారని లిబియా చూపించి రష్యా, చైనా సిరియా అంతర్యుద్ధం మీద వచ్చిన తీర్మానాలను ఒకదాని తర్వాత ఒకటి వీటో చేశాయి. వాటికి వేరే స్వార్థాలు లేవని కాదు, కానీ ఆ సాకు చేతికందించింది మాత్రం లిబియానే.

మరి ఎప్పుడు వెళ్లాలి? నా మటుకు నాకు, వెళ్దాం అన్నవాళ్లను ముందు అడగాల్సింది చట్టం గురించి కాదు, ఖర్చు గురించి. ఎంతమంది మీవాళ్లు చనిపోయినా వెనక్కి రాకుండా ఉండగలరు? నేల మీద నడుస్తారా, పై నుంచే పోతారా? కూల్చాక ఎన్నేళ్లు తోడుంటారు, ఎవరు రమ్మంటే తిరిగొస్తారు? అక్కడి జనం మిమ్మల్ని కోరుకుంటున్నారని ఎలా తెలిసింది? వీటికి జవాబు లేకపోతే ఆ సైన్యం కంటే శరణార్థులకు సరిహద్దు తెరవడం ఎక్కువ ప్రాణాలు నిలబెడుతుంది. ఆ మార్గానికి ఎవరి వీటో అడ్డురాదు, ఎవరి మీదా బాంబు పడదు. జోక్యం గురించి గట్టిగా మాట్లాడే దేశాలు దీని దగ్గర మౌనంగా ఉండటం నన్ను చాలా బాధపెడుతుంది.

రువాండాలో అందరూ వెళ్లిపోలేదు. డల్లేర్ తనకు మిగిలిన కొన్ని వందల మందితో ఉండిపోయాడు, వాళ్లలో ఎక్కువమంది ఘనా సైనికులు. అక్కడే సెనెగల్ నుంచి వచ్చిన ఎంబాయ్ జాన్య్ అనే కెప్టెన్ ఉన్నాడు. ఆయన సైనిక పరిశీలకుడు, చేతిలో తుపాకీ కూడా లేదు. ప్రధానమంత్రి అగాథ్‌ను చంపిన రోజు ఆమె పిల్లలు దాక్కుని ఉంటే వెతికి పట్టుకుని, తన బండిలో దాచి బయటికి చేర్చాడు. తర్వాత ఏడు వారాలూ అదే పని. కొద్దిమందిని బండిలో దాచుకోవడం, అడుగడుగునా ఉన్న చెక్‌పోస్టుల దగ్గర హంతకులతో నవ్వుతూ కబుర్లు చెప్పడం, సిగరెట్లు పంచడం, దాటించడం, మళ్లీ వెనక్కి రావడం. అలా వందల మందిని బతికించాడు. మే 31న ఒక చెక్‌పోస్టు దగ్గర ఆయన బండి పక్కనే మోర్టార్ గుండు పేలి అక్కడికక్కడే చనిపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 2014లో, ఆయన్ను కాపాడుకోలేకపోయిన అదే భద్రతా మండలి ఆయన పేరుతో సాహస పతకం ఏర్పాటు చేసింది.